సీవీలో రిఫరెన్సులు రాయాలా, వద్దా? రాయకపోతే ఎప్పుడు, ఎలా ఇవ్వాలి?

సీవీ అంతా రాయడం అయ్యాక రెండో పేజీ కింద కాస్త ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ చూస్తే చెయ్యి ఊరుకోదు. "రిఫరెన్సులు" అని హెడ్డింగ్ పెట్టి పాత మేనేజర్ పేరు, ఫోన్ నంబరు, ఈమెయిల్, కింద ఇంకొకరివి. పేజీ నిండుగా కనిపిస్తుంది, మనకూ ఏదో బలం వచ్చినట్టు ఉంటుంది. నేనూ అలాగే రాశాను. సీనియర్ ఒకాయన ఇచ్చిన ఫైల్‌లో ఆ హెడ్డింగ్ ఉంది కాబట్టి నా సీవీలోనూ ఉంది, అంతకుమించి కారణం లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎవరూ అడగకపోతే సీవీలో రిఫరెన్సులు రాయకండి. అలాగని వాటి సంగతే మర్చిపోకండి. విడిగా ఒక పేజీ తయారు చేసి దగ్గర పెట్టుకోండి, అడిగిన రోజే పంపండి. దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అవీ చెప్తాను.

అంతకన్నా ముందు ఒక మాట తేల్చుకుందాం. మనవాళ్లు "రిఫరెన్స్ మీద జాబ్ వచ్చింది" అంటే ఎవరో కంపెనీ లోపల నుంచి మన సీవీని ముందుకు తోశారని అర్థం. అది రిఫరల్. ఇక్కడ మాట్లాడుతున్నది వేరు: మీరు ఎలా పనిచేశారో, మీతో వేగడం ఎలా ఉంటుందో కొత్త కంపెనీ అడిగితే చెప్పే మనిషి గురించి. ఇంకోటి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్. అందులో చదువు, ఉద్యోగం చేసిన తేదీలు, హోదా లాంటివి నిజమో కాదో సరిచూస్తారు. ఆ పని చాలాసార్లు బయటి ఏజెన్సీ చేస్తుంది, పాత కంపెనీ హెచ్‌ఆర్‌తోనే మాట్లాడుతుంది. రిఫరెన్స్ చెక్ అలా కాదు, అందులో ఒక మనిషి ఇంకో మనిషితో మాట్లాడతాడు.

ఎందుకు వద్దంటున్నానంటే

రెండో ఉద్యోగం వెతుక్కునేటప్పుడు అప్పటి మేనేజర్ పేరు, నంబరు సీవీలో పెట్టి ఇరవై చోట్లకు పంపాను. ఆయనకు చెప్పలేదు. నన్ను అడక్కుండా ఫోన్ చేయరులే అనుకున్నాను. ఒక కంపెనీ ఇంటర్వ్యూకి పిలవకముందే ఆయనకు ఫోన్ చేసింది. ఆయన ఆ మధ్యాహ్నం నా కుర్చీ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "ఏమయ్యా, వెళ్లిపోతున్నావటగా?" అన్నారు. ఆ ఫోన్ చేసిన కంపెనీ నన్ను ఇంటర్వ్యూకైనా పిలవలేదు. తర్వాత ఐదు నెలలు అదే సీట్లో, వెళ్లిపోతాడని అందరికీ తెలిసిన మనిషిలా కూర్చున్నాను. కొత్తగా వచ్చిన ప్రాజెక్టు కూడా "నువ్వు ఉంటావో ఉండవో" అంటూ పక్కవాడికి వెళ్లింది. నా ముందరికాళ్లకు నేనే బంధం వేసుకున్నానంటే అతిశయోక్తి కాదు.

అసలు చిక్కు ఇదే. సీవీ మీ చేతిలోంచి జారాక అది ఎక్కడెక్కడ తిరుగుతుందో మీకు తెలియదు. జాబ్ పోర్టల్‌లో పెడితే ఎందరో కన్సల్టెంట్లు డౌన్‌లోడ్ చేసుకుంటారు. వాళ్లలో ఎవరు ఎప్పుడు ఎవరికి ఫోన్ చేస్తారన్నది ఇక మీ అదుపులో ఉండదు. మీకేమో రిఫరెన్స్ ఇచ్చే మనిషిని ముందుగా హెచ్చరించే అవకాశమే లేకుండా పోతుంది.

రెండో సంగతి, ఆ నంబరు మీది కాదు. వేరొకరి ఫోన్, ఈమెయిల్ ముక్కూమొహం తెలియని వాళ్లకు పంచుతున్నారు. యూరప్‌లో 2018 మే నుంచి జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం, భారత్‌లో 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం, ఇలా వ్యక్తిగత వివరాల విషయంలో లోకం మొత్తం జాగ్రత్తపడుతోంది. చట్టాల మాట అటుంచినా, మీకు మాటసాయం చేస్తానన్న మనిషికి కన్సల్టెంట్ల ఫోన్లు మొదలైతే ఇంకోసారి ఆ సాయం అడగడానికి మొహం చెల్లదు.

ఇక స్థలం. రిఫరెన్సులు రాసిన ఐదారు లైన్లలో మీరు చేసిన ఒక మంచి పని గురించి రాసుకోవచ్చు. మొదటి వడపోతలో సీవీని చూసేవాళ్లు ఆ పేర్లు చదవరు, చదివినా అప్పటికి వాటితో పనిలేదు. సాఫ్ట్‌వేర్‌తో సీవీలు చదివించే చోట ఒక్కోసారి ఆ నంబరే మీ నంబరు అనుకుని నమోదు చేసుకునే ప్రమాదం కూడా ఉంది.

"అడిగితే రిఫరెన్సులు ఇవ్వగలను" అనే లైన్ కూడా తీసేయండి. అడిగితే ఇస్తారని వాళ్లకు తెలుసు.

రాయాల్సిన చోట్లు

ప్రకటనలో అడిగితే రాయాలి. ఇందులో తర్కాలు అనవసరం. "ఇద్దరు రిఫరీల వివరాలతో దరఖాస్తు చేయండి" అని ఉన్నచోట రాయకపోతే సూచనలు చదవని మనిషి అనుకుంటారు. రిఫరీ అంటే రిఫరెన్స్ ఇచ్చే మనిషే. దరఖాస్తు ఫారంలోనే గడి ఉంటే అందులో నింపండి, సీవీలో మళ్లీ రాయక్కర్లేదు.

విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థల లోకం వేరు. అక్కడి సీవీ పేజీలకు పేజీలు ఉంటుంది, చివర సాధారణంగా ముగ్గురు రిఫరీల పేర్లు, వాళ్ల హోదా, సంస్థ, ఈమెయిల్ ఉండటం మామూలే. పీహెచ్‌డీ గైడు పేరు అందులో లేకపోతే "ఎందుకు లేదు?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. చాలా చోట్ల సిఫార్సు లేఖను రిఫరీయే నేరుగా పంపాలి, మీరు చూడరు. అమెరికాలో విద్యార్థుల రికార్డుల గురించిన 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం తన లేఖల్ని చూసుకునే హక్కు విద్యార్థికి ఉంటుంది, కానీ ఆ హక్కు వదులుకుంటున్నట్టు సంతకం చేయమని దరఖాస్తులోనే అడుగుతారు. మీరు చూడరని తెలిసి రాసిన లేఖకే కమిటీలు విలువ ఇస్తాయి.

పిల్లలతో పనిచేసే ఉద్యోగాల్లోనూ పద్ధతి వేరు. ఇంగ్లండ్ స్కూళ్లకు ప్రభుత్వం ఇచ్చే భద్రతా మార్గదర్శకాల్లో, షార్ట్‌లిస్ట్ అయినవాళ్ల రిఫరెన్సులు ఇంటర్వ్యూకి ముందే తెప్పించుకోవాలని ఉంది. "సంబంధిత అధికారికి" అని మొదలుపెట్టి అభ్యర్థి చేతికే ఇచ్చిన లేఖను నమ్మకూడదని కూడా ఉంది. అలాంటి చోట ఆఫర్ వచ్చాక ఇస్తాననడం కుదరదు.

దేశాన్ని బట్టి కూడా మారుతుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో సీవీ చివర ఇద్దరు రిఫరీలను రాయడం ఇప్పటికీ వాడుకలో ఉంది. జర్మనీలో ఫోన్ కన్నా కాగితానికి విలువ ఎక్కువ. ఉద్యోగం మానేటప్పుడు యజమాని నుంచి సర్టిఫికెట్ పొందడం అక్కడ చట్టబద్ధమైన హక్కు. అందులో ఒక చమత్కారం ఉంది. చెడు రాయకూడదు కాబట్టి మెచ్చుకోలులోనే మార్కులు దాస్తారు. "ఎల్లప్పుడూ మాకు సంపూర్ణ సంతృప్తి కలిగేలా పనిచేశారు" అని ఉంటే అత్యుత్తమం. "మాకు సంతృప్తి కలిగేలా పనిచేశారు" అని మాత్రమే ఉంటే ఏదో గట్టెక్కాడని అర్థం. చదవడం తెలియని వాళ్లు రెండోది చూసుకుని మురిసిపోతారు.

ఇవి కాక ఇంకో సందర్భం: మీ రంగంలో అందరికీ తెలిసిన మనిషి దగ్గర పనిచేశారనుకోండి. అప్పుడు కూడా ఆ పేరు రిఫరెన్సుల కింద కాకుండా ఉద్యోగ వివరాల్లోనే "ఫలానావారి టీమ్‌లో" అని రాస్తే పని జరుగుతుంది. నంబరు అక్కర్లేదు.

మొదటి అడుగు: మనుషుల్ని ఎంచుకోవడం

ముగ్గురు చాలు, నలుగురుంటే మంచిది. సెలవులో ఉన్నా, ఫోన్ ఎత్తకపోయినా ఇంకొకరు ఉంటారు.

పెద్ద పేరున్న వాళ్ల కోసం పాకులాడకండి. కంపెనీ డైరెక్టర్ మిమ్మల్ని రెండుసార్లు లిఫ్ట్‌లో చూసి ఉంటారు. ఆయన "మంచి కుర్రాడే" అంటారు, అంతకన్నా ఏం చెప్పగలరు? రోజూ మీ పని చూసిన టీమ్ లీడ్ అయితే, "సర్వర్ పడిపోయిన రాత్రి తనే కూర్చుని తెల్లారేసరికి సరిచేసింది" అని చెప్పగలదు. అవతలివాళ్లు నోట్‌బుక్‌లో రాసుకునేది ఆ మాటే.

గత ఐదేళ్లలో మీ పై అధికారిగా ఉన్నవాళ్లు ఒకరైనా ఉండాలి. మిగతా ఇద్దరిలో ఒకరు పక్క టీమ్‌వాళ్లో, క్లయింటో అయితే ఇంకో కోణం వస్తుంది. మీరు టీమ్‌ని నడిపే ఉద్యోగానికి వెళ్తుంటే మీ కింద పనిచేసినవాళ్లలో ఒకరిని పెట్టండి, ఈ ఆలోచన చాలామందికి రాదు. బంధువులు వద్దు. మేనమామ కంపెనీలో నిజంగానే పనిచేసినా అక్కడ మేనమామ కాని మనిషిని చూసుకోండి.

ఫ్రెషర్లకు ఇక్కడే టెన్షన్. మేనేజరే లేకపోతే ఎవరిని పెట్టాలి? ప్రాజెక్ట్ గైడు, ఇంటర్న్‌షిప్‌లో పని చూపించినవాళ్లు, పార్ట్‌టైం చేసిన చోటి సూపర్‌వైజర్, స్వచ్ఛందంగా పనిచేసిన సంస్థ నిర్వాహకులు. వందమంది క్లాసులో పాఠం చెప్పిన ప్రొఫెసర్ కన్నా, మీ ప్రాజెక్ట్ రిపోర్టును మూడుసార్లు వెనక్కి పంపిన లెక్చరర్ మేలు. ఆవిడకు మీరు గుర్తుంటారు.

రెండో అడుగు: అడగడం

అడక్కుండా ఎవరి పేరూ ఇవ్వకండి. ఇది మర్యాద కోసం మాత్రమే కాదు. ఇంటర్వ్యూలు చేసే వైపు కూర్చున్నప్పుడు నేనొకసారి అభ్యర్థి ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి పేరు చెప్పాను. అవతల కాసేపు నిశ్శబ్దం. "ఎవరూ... ఆఁ, ఆ అబ్బాయా. ఉండేవాడండీ మా దగ్గర. ఇప్పుడేం చేస్తున్నాడు?" ఆయన చెడుగా ఏమీ చెప్పలేదు. చెప్పడానికి గుర్తు తెచ్చుకునే లోపు మా సంభాషణ అయిపోయింది. నా ఫారంలో రాయడానికి ఏమీ మిగల్లేదు. ముందురోజు ఆ అబ్బాయి ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే కథ వేరేలా ఉండేది.

అడిగే తీరులో ఒక చిన్న కిటుకు ఉంది. "రిఫరెన్స్ ఇస్తారా?" అంటే ఎవరైనా మొహమాటానికి "సరే" అంటారు. తప్పించుకునే దారి వదిలి అడగండి. ఇలా:

"మేడం, నమస్తే. బాగున్నారా? నేను ఉద్యోగం మారదామని చూస్తున్నాను. మీ టీమ్‌లో చేసిన రెండేళ్ల పని గురించి ఎవరైనా అడిగితే నమ్మకంగా నాలుగు మాటలు చెప్పగలనని మీకు అనిపిస్తే మీ పేరు ఇస్తాను. తీరిక లేకపోయినా, వేరే ఏ కారణంతోనైనా కుదరదనిపించినా మొహమాటపడకండి మేడం, ఏమీ అనుకోను."

జవాబులో ఉత్సాహం ఉందా, నీళ్లు నమలడం ఉందా చూసుకోండి. "తప్పకుండా, నంబరు ఇచ్చెయ్యి" అంటే సరే. "చూద్దాంలే", "హెచ్‌ఆర్‌ని అడగాలేమో" అంటే ఆ పేరు పక్కన పెట్టేయండి. ఆవిడకు మీ మీద కోపం ఉందని కాదు. చాలా కంపెనీల్లో మేనేజర్లు వ్యక్తిగతంగా రిఫరెన్స్ ఇవ్వకూడదని నిబంధన ఉంటుంది. హెచ్‌ఆర్ మాత్రమే, అదీ చేరిన తేదీ, మానిన తేదీ, హోదా మాత్రమే చెబుతుంది. దీనికి చట్టపరమైన భయం ఒక కారణం. రిఫరెన్స్ రాసేటప్పుడు తగిన జాగ్రత్త తీసుకోవాల్సిన బాధ్యత యజమానికి ఉందని బ్రిటన్‌లో 1994లో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు ఇచ్చింది. నిర్లక్ష్యంగా రాసి నష్టం కలిగిస్తే కోర్టుకు వెళ్లవచ్చన్నమాట. మెచ్చుకున్నా ఇబ్బందే, విమర్శించినా ఇబ్బందే అనుకున్న కంపెనీలు తేదీలతో సరిపెడతాయి. కాబట్టి పాత కంపెనీ ముక్తసరిగా జవాబిస్తే అది మీ మీద మచ్చ కాదు, అవతలి హెచ్‌ఆర్‌కూ ఆ సంగతి తెలుసు. ఇలాంటప్పుడు ఆ కంపెనీ వదిలేసి వేరే చోటికి వెళ్లిన మీ పాత మేనేజర్ బాగా పనికొస్తారు. ఆయన కంపెనీ తరఫున కాకుండా తన తరఫున మాట్లాడతారు.

మూడో అడుగు: విడి పేజీ

సీవీ పైన ఉన్న మీ పేరు, ఫోన్, ఈమెయిల్, అదే ఫాంట్‌లో ఈ పేజీ పైన కూడా పెట్టండి. కింద ఒక్కొక్కరికి: పేరు, ఇప్పటి హోదా, సంస్థ, ఆఫీసు ఈమెయిల్, ఫోన్ నంబరు, ఏ వేళలో ఫోన్ చేస్తే దొరుకుతారు. వేరే దేశంలో ఉంటే దేశం కోడ్, అక్కడి సమయం.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఇంకో లైన్ రాయండి: ఆ మనిషికి మీరు ఏమవుతారు, ఎప్పుడు, ఏ పని చూశారు. "2021 నుంచి 2023 వరకు నా మేనేజర్. బిల్లింగ్ సిస్టమ్ మార్పు పనిని నాకు అప్పగించింది ఈయనే" అని ఉంటే ఫోన్ చేసేవాళ్లకు ఏం అడగాలో తెలుస్తుంది. మీకు కావలసిన వైపు మాట తిరుగుతుంది.

ఫైల్‌ని పీడీఎఫ్ చేసి, పేరులో మీ పేరు ఉండేలా సేవ్ చేయండి. ఆర్నెల్లకోసారి నంబర్లు పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. మనుషులు కంపెనీలు మారతారు, ఆఫీసు ఈమెయిల్ పోతుంది.

నాలుగో అడుగు: ఎప్పుడు ఇవ్వాలి

మామూలుగా చివరి రౌండ్ అయ్యాక, ఆఫర్‌కు కాస్త ముందో వెనకో అడుగుతారు. అడిగిన రోజే పంపండి, ఆలస్యం చేస్తే ఏదో దాస్తున్నారనుకుంటారు. మొదటి ఫోన్‌లోనే అడిగే కన్సల్టెంట్లూ ఉంటారు. అప్పుడు మొహమాటం లేకుండా, "వివరాలు సిద్ధంగా ఉన్నాయండి. కంపెనీతో ఇంటర్వ్యూలు అయ్యాక తప్పకుండా ఇస్తాను" అనండి. కొందరు ఆ పేర్లు తీసుకునేది ఆ రిఫరీలకే వేరే ఉద్యోగం చూపించి కమీషన్ సంపాదించుకోవడానికి.

ఇప్పటి మేనేజర్ సంగతే అన్నిటికన్నా సున్నితం. ఆఫర్ లెటర్ చేతికి రాకుండా ఆయన పేరు ఇవ్వకండి. ఫారంలో "ప్రస్తుత యజమానిని సంప్రదించవచ్చా?" అని ఉంటే "ఆఫర్ తర్వాత మాత్రమే" అని రాయండి. అడిగేవాళ్లకు ఇది కొత్తేమీ కాదు, వాళ్లూ ఒకప్పుడు ఇలాగే ఉద్యోగం మారారు. అయితే ఆఫర్ లెటర్‌లో "రిఫరెన్సులు సంతృప్తికరంగా ఉంటేనే" అనే షరతు ఉందేమో చదవండి. ఉంటే, ఆ చెక్ అయ్యేదాకా రాజీనామా ఇవ్వకండి. ఈ ఒక్క లైన్ చదవకుండా పేపర్లు పెట్టేసి, నోటీస్ పీరియడ్‌లో గోళ్లు కొరుక్కున్నవాళ్లు నాకు తెలుసు. బ్రిటన్‌లో బ్యాంకుల్లాంటి ఆర్థిక సంస్థల్లో కొన్ని బాధ్యతలకు గత ఆరేళ్ల యజమానుల నుంచి రిఫరెన్సులు తెప్పించుకోవాలనే నిబంధన ఉంది. ఇప్పటి కంపెనీ కూడా అందులోకే వస్తుంది కాబట్టి ఎప్పుడు అడుగుతారో ముందే మాట్లాడుకోండి.

ఐదో అడుగు: వాళ్లను సిద్ధం చేయడం

పేర్లు పంపిన వెంటనే ముగ్గురికీ మెసేజ్ పెట్టండి. ఏ కంపెనీ, ఏ ఉద్యోగం, ఎవరు ఫోన్ చేయొచ్చు. సీవీ, ఉద్యోగ ప్రకటన జతచేయండి. కింద మూడు లైన్లు చాలు: ఈ ఉద్యోగంలో వాళ్లకు ముఖ్యం ఏమిటి, అందుకు సరిపడేలా మీతో కలిసి చేసిన పని ఏది, దాని ఫలితం ఏమిటి. ఇది వాళ్ల నోట్లో మాటలు పెట్టడం కాదు. మూడేళ్ల నాటి సంగతులు వాళ్లకు గుర్తుచేస్తున్నారు, అంతే.

ఫోన్ చేసినవాళ్లు అడిగేవి పెద్దగా మారవు. ఎంతకాలం తెలుసు, ఏం చేసేవారు, ఒత్తిడిలో ఎలా ఉంటారు, ఎందుకు మానేశారు. ఆ తర్వాత రెండు గట్టి ప్రశ్నలు: "ఇంకా మెరుగుపడాల్సింది ఏమిటి?", "అవకాశం వస్తే మళ్లీ పెట్టుకుంటారా?" రెండోదానికి జవాబు ఎంత త్వరగా వస్తుందో నేను వినేవాణ్ని. "కళ్లుమూసుకుని పెట్టుకుంటానండీ" అంటే మిగతా ఫారం నింపడం లాంఛనం. ఒక క్షణం ఆగి "ఆఁ... పెట్టుకోవచ్చు" అంటే ఇంకో రెండు ప్రశ్నలు అడిగేవాణ్ని. మొదటి ప్రశ్నకు ఏం చెబుతారో మీరే అడిగి తెలుసుకోవచ్చు. "నాలో లోపం అడిగితే ఏమంటారు సార్?" అని నవ్వుతూ అడగండి. ఇంటర్వ్యూలో మీరు చెప్పుకున్న లోపం, ఆయన చెప్పేది పూర్తిగా వేరువేరైతే బాగోదు.

పడని మేనేజర్ ఉంటే

అందరికీ ఒకరుంటారు. ఆ పేరు ఇవ్వకండి, అదే కంపెనీలో వేరొకరిని పెట్టండి. అయినా కొత్త కంపెనీవాళ్లు తమకు తెలిసినవాళ్ల ద్వారా ఆయన్నే అడగవచ్చు, చిన్న రంగాల్లో ఇది జరుగుతూనే ఉంటుంది. అలా జరుగుతుందనిపిస్తే చివరి రౌండ్‌లో మీరే ముందుగా రెండు వాక్యాల్లో చెప్పేయండి: "చివరి ఏడాది మా మేనేజర్‌కూ నాకూ పని పద్ధతి విషయంలో కుదరలేదు. ఆ ముందు నాలుగేళ్లు చూసినవాళ్ల నంబర్లు ఇస్తున్నాను." అంతటితో ఆపండి. ఆయన్ని తిట్టడం మొదలుపెడితే అనుమానం ఆయన మీదకు వెళ్లదు, మీ మీదకే వస్తుంది.

చెక్ అయిపోయాక

ఫోన్ వచ్చిందని వాళ్లు చెబితే ఆ రోజే థ్యాంక్స్ చెప్పండి. ఏం అడిగారో కూడా అడగండి, తర్వాతి రౌండ్ ఏదైనా ఉంటే పనికొస్తుంది. ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ సంగతి వాళ్లకు మీ నోటితోనే తెలియాలి. పది నిమిషాలు మీ కోసం మాట్లాడిన మనిషి, మూడు నెలల తర్వాత మీరు చేరిన సంగతి లింక్డ్‌ఇన్‌లో చూసి తెలుసుకుంటే, ఈసారి మీ మెసేజ్‌కు జవాబు రావడానికి కొంచెం టైం పడుతుంది.